ఎప్పుడు బంద్ అయితున్నది?

చిట్కుల్ నుంచి ఇస్నాపూర్, పాశమైలారం పారిశ్రామిక వాడ వైపు వెళ్తుంటే ధర్మకాంటాల గదుల్లో, ఫ్యాక్టరీ గేటు దగ్గర సరుకు లెక్క రాసే టేబుళ్ళ కింద, జిరాక్స్ షాపుల్లో పాత డెస్క్‌టాప్‌లు ఇంకా కనిపిస్తాయి. వాటిని తీసెయ్యకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. లారీ తూకం అంకెను సీరియల్ పోర్టు ద్వారా అందుకునే పాత సాఫ్ట్‌వేర్, దాని పక్కన గీరుమంటూ చీటీ కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, రెండూ ఆ మెషీన్‌కే అలవాటుపడ్డాయి. అది మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోతే గేటు దగ్గర లారీలు బారులు తీరుతాయి.

ఇలాంటి మెషీన్‌ను బాగుచేసే విద్య ఏ కాలేజీలోనూ పుట్టలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అసెంబ్లింగ్ నేర్చుకున్నవాళ్ళ నుంచి వాళ్ళ దగ్గర పనిచేసిన కుర్రాళ్ళకు, వాళ్ళ నుంచి ఊళ్ళలోని చిన్న షాపులకు చేరింది. ఇందులో మొదటి పాఠం స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కాదు, అడగడం. "అన్నా, సిస్టమ్ దానంతట అదే బంద్ అయితున్నది" అని వస్తే మంచి మెకానిక్ అడిగే మాట ఒక్కటే: "ఎప్పుడు బంద్ అయితున్నది?"

సగం రోగం ఆ జవాబులోనే దొరుకుతుంది. ఆన్ చేసిన పది నిమిషాలకు ఆగి, కాసేపు చల్లారాక మళ్ళీ లేస్తే అది వేడి. నీలం తెర పడి రీస్టార్ట్ అయితే ర్యామ్ మీదో డ్రైవర్ మీదో అనుమానం. ఏ తెరా లేకుండా టక్కున చీకటైతే కరెంటు దారి చూడాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపించగానే రోగం దొరికిందనుకునేవాళ్ళున్నారు. మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెప్పడమే దాని పని. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

వేడి సంగతి దగ్గరగా చూడాలి. క్యాబినెట్ పక్క మూత తీస్తే, ప్రాసెసర్ ఫ్యాను రెక్కలు, కింద హీట్‌సింక్ సందులు దుమ్ముతో పూడిపోయి ఉంటాయి. ఫ్యాక్టరీల మధ్య పేరుకునే దుమ్ము ఇంటి దుమ్ములా మెత్తగా ఉండదు, నూనె ఆవిరి పట్టి అట్టకడుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలికి అతివేగంగా తిరిగి బేరింగు పోతుంది. చాలామంది దుమ్ము దులిపి వదిలేస్తారు, నాకది సగం పనే అనిపిస్తుంది. 2004లో వచ్చిన ఎల్జీఏ 775 సాకెట్ నుంచి ఇంటెల్ కూలర్లు నాలుగు ప్లాస్టిక్ పిన్నుల మీద నిలబడతాయి. ఏళ్ళ తరబడి వేడికి అందులో ఒక్కటి సడలినా హీట్‌సింక్ ఒక మూల లేస్తుంది. పైనుంచి చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటుంది. నాలుగు పిన్నులనూ ఒక్కొక్కటిగా నొక్కి చూడాలి. ఎండిపోయి సున్నంలా మారిన థర్మల్ పేస్టును తుడిచి, శనగగింజంత కొత్తది పెట్టాలి.

తర్వాత ఎస్ఎంపీఎస్, అంటే మెషీన్‌కు కరెంటు అందించే డబ్బా. మదర్‌బోర్డుకు వెళ్ళే పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపితే అది విడిగా లేస్తుంది, కానీ లేచినంత మాత్రాన బాగున్నట్టు కాదు. మెషీన్‌కే తగిలించి, పని చేయిస్తూ మల్టీమీటర్‌తో పసుపు తీగ చూడాలి. 12 వోల్టులు రావాల్సిన చోట 11.4 కంటే తగ్గితే దాన్ని నమ్మకూడదు. డబ్బా మూత మాత్రం తెలియనివాళ్ళు విప్పొద్దు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల పైచిలుకు నిలిచి ఉండొచ్చు. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా దొంగ దొరికినట్టే. కోఠి గుజరాతీ గల్లీలో అదే మైక్రోఫారడ్, అంతే వోల్టేజీ లేక కాస్త ఎక్కువ, 105 డిగ్రీల రకం తెచ్చి, ధన రుణాలు చూసి అతికితే బోర్డు మళ్ళీ బతుకుతుంది.

ఈ పారిశ్రామిక వాడలో అసలు చిక్కు చాలాసార్లు మెషీన్ బయటే ఉంటుంది. పక్క షెడ్డులో పెద్ద మోటారు నేరుగా స్టార్టయితే మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, లైను క్షణకాలం కుంగుతుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక్క ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు. మంచి ఎస్ఎంపీఎస్ కూడా కరెంటు పోయాక నిలిచేది 16 మిల్లీసెకన్ల చిల్లరే. లోపలి కెపాసిటర్లు ఎండిన పాతదైతే అంతకూ ఆగదు. అందుకే పక్కపక్కనే ఉన్న రెండు మెషీన్లలో కొత్తది తట్టుకుంటుంది, పాతది పడిపోతుంది. యూపీఎస్ ఉంది కదా అంటారు. దాని 12 వోల్టుల బ్యాటరీ రెండు మూడేళ్ళకు పని చాలిస్తుంది. కంప్యూటర్ తీసి 60 వాట్ల బల్బు తగిలించి యూపీఎస్ ప్లగ్గు పీకండి, బల్బు ఆరితే సంగతి తేలినట్టే. ఎర్తు కూడా చూడాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మీటరులో నాలుగైదు వోల్టులు దాటితే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ర్యామ్ కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది గట్టిగా కూర్చోబెట్టడం అందరికీ తెలిసిందే. టైము తప్పిపోతుంటే బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ళ మార్చాలి. మెషీన్ నడుస్తూ ఆగిపోవడానికీ దానికీ సంబంధం లేదు.

ఇదంతా ఓపికగా చేసే మనిషికి మనం ఇచ్చే విలువ చాలా తక్కువ. అంచనా మీద ఎస్ఎంపీఎస్, ర్యామ్, బోర్డు వరసగా మార్చేవాడి బిల్లు కళ్ళు మూసుకుని కడతాం. గంట కూర్చుని కారణం పట్టుకున్నవాడి దగ్గర మాత్రం "ఏమీ మార్చలే గదా" అని బేరమాడతాం. నక్కవాగు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కిన ప్రాంతం ఇది. సీసపు టంకం ఉన్న పాత బోర్డు చెత్తకుప్పకు చేరితే ఏమవుతుందో ఇక్కడివాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. పనికొచ్చే బోర్డును ఇంకో మూడేళ్ళు నడిపించడం ఈ నేలకు చేసే మేలే. ఇక నడవదని తేలినదాన్ని గుర్తింపు పొందిన రీసైక్లర్‌కు అప్పగించాలి.

రిపేరు పూర్తయిందని ఎప్పుడనాలి? షాపు బల్ల మీద, పక్క మూత తీసి, ఫ్యాను గాలికి పెడితే ఏ మెషీనైనా రోజంతా నడుస్తుంది. మూత బిగించి, దాని సొంత గదిలో, సొంత ప్లగ్గుకే తగిలించి, అంతకుముందు ఆగిపోయిన వేళ దాటేదాకా పని చేయించాలి. పక్క షెడ్డు మోటారు కూడా ఒకట్రెండు సార్లు స్టార్టవ్వాలి. ఆ తర్వాతే డబ్బులు తీసుకోవాలి.