కాలవ ఎవరు కట్టేశారు?

"బూడిద రంగు ఆకాశం. ఎండిన కాలవ. తుప్పు పట్టిన లాకులు. నిశ్శబ్దం."

రెండేళ్ల కిందట నేను రాసిన డిస్టోపియన్ కథ ఇలా మొదలవుతుంది. నీళ్లు రాని కోనసీమ అందులో వస్తువు. చదివిన స్నేహితుడు ఒక్కటే అడిగాడు: "బావుంది గానీ, కాలవ ఎవరు కట్టేశారు?" నా దగ్గర జవాబు లేదు. కథలోనూ లేదు.

ఈ మధ్య వస్తున్న ఇలాంటి కథలు చాలావాటిలో ఇదే తీరు కనిపిస్తోంది. లోకం ముక్కలైంది కాబట్టి వాక్యమూ ముక్కలవ్వాలని మనం అనుకుంటున్నాం. సినిమా ట్రైలర్‌కి అది సరిపోతుంది. కానీ డిస్టోపియా అంటే శిథిలాలు మాత్రమే కాదు. ఎవరో పెట్టిన రూలు, దానికి అలవాటు పడిపోయిన జనం కూడా. విడివిడి మాటలు శిథిలాన్ని చూపిస్తాయి, రూలుని చూపించలేవు.

రాజమండ్రి మనిషి కందుకూరి వీరేశలింగం 1890ల్లో, గలివర్ యాత్రల బాటలో 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రాశారు. అందులోని ఆడుమళయాళంలో పెత్తనం ఆడవాళ్లది. మన సమాజం ఆడవాళ్లకి పెట్టిన కట్టుబాట్లు అక్కడ మగవాళ్లకి ఉంటాయి. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన మనిషి ఆ తలకిందుల దేశాన్ని ఎందుకు ఊహించారో వేరే చెప్పక్కర్లేదు. ఆ గ్రాంథికం ఇవాళ మనకి కష్టమే. అయినా యాత్రికుడు చూసింది చూసినట్టు, పూర్తి వాక్యాల్లో, తొణక్కుండా చెప్పుకుపోతాడు. ఎవరు ఎవరికి లొంగి ఉన్నారో తెలుస్తూనే ఉంటుంది. ముందు నవ్వుతాం, తర్వాత అది మన ఇల్లేనని గుర్తుపడతాం.

క్రియ లేకపోతే తప్పని నేననడం లేదు. "ఇది మా ఊరు" క్రియ లేకుండానే పూర్తి వాక్యం. ఒక్కసారిగా ఉలిక్కిపడే చోట ముక్క మాటే సరైనది కావచ్చు. కానీ మా వైపు ఏటా వేసవిలో "కాలవలు కట్టేశారు" అంటారు. ఆ వాక్యంలో కర్త కనపడడు. చివర ఉన్న "-రు" మాత్రం, ఇది తనంతట తాను జరగలేదని, వెనక ఎవరో ఉన్నారని చెబుతుంది. పేరు లేని అధికారాన్ని పట్టుకోవడానికి తెలుగు క్రియ మనకి ఇంత సాయం చేస్తుంటే, ముందుగా దాన్నే కొట్టేస్తున్నాం.

నా కథ మళ్లీ రాశాను: "కాలవ మూడేళ్ల కిందట కట్టేశారు. మళ్లీ వదల్లేదు. లాకుల దగ్గరికి వెళ్లాలంటే ఇప్పుడు కార్డు చూపించాలి."

ఆకాశం రంగు తీసేశాను. స్నేహితుడు ఈసారి, "ఆ కార్డు ఎవరిస్తారు?" అని అడిగాడు. కథ అక్కడ మొదలైంది.