మనుషులు చాల్లేదు

వార్తల్లో మేం రాసే మాట ‘కూలీల కొరత’. మొన్న నాట్లప్పుడు కడప జిల్లా చాపాడు పొలాల్లో ఆ మాట ఒక్కరి నోటా వినలేదు. గట్టు మీద మా పెద్దమ్మ అనింది: ‘‘మనుషులు చాల్లేదు నాయనా. ఇంగ ముగ్గురుంటే పొద్దు గూకేలోపల మడి అయిపోయేది.’’

కొరత మండలానికో, జిల్లాకో వేసే లెక్క. చాల్లేదంటే ఈ మడికి, ఈ పొద్దుకు. పన్నెండు మంది రావాల్సింది, తొమ్మిది మంది వచ్చారు. పెరికిన నారు కట్టలు అప్పటికే మడిలో పడున్నాయి.

నాటేవాళ్లు మునుం పట్టి, వంగి, వెనక్కి అడుగేస్తూ పోతారు. చేయి చాచితే అందినంత మేర ఒక్కొక్కరి వంతు. ముగ్గురు తగ్గితే వాళ్ల వంతు మిగతావాళ్ల నడుముల మీద పడుతుంది. కుడికీ ఎడమకీ మరో జానెడు సాగి నాటాలి. మధ్యాహ్నం దాటాక ఒకామె నడుం మీద చేయి ఆనించి నిలబడిపోయింది. ఆమె వంతులో బురద బోసిగా మిగిలింది. పక్కామె ఏమీ అనకుండా అక్కడ నాలుగు కుదుళ్లు గుచ్చి, తన వరసలోకి జరిగింది. చాలకపోవడమంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది.

సుంకేసుల నుంచి కేసీ కాలువలో నీళ్లొస్తే ఆయకట్టంతా ఒకేసారి మడి కడుతుంది. అందరికీ అదే వారం మనుషులు కావాలి. పెద్దమ్మ చిన్ననాడు బదులు పోయేవాళ్లట: ఈ రోజు మీ మడి, రేపు మా మడి. ఇప్పుడు ఆ ఇళ్లలో కొందరు కువైట్‌లో ఉన్నారు. వాళ్లు పంపే డబ్బు ఊరికొస్తుంది, వాళ్ల చేతులు రావు.

2006 ఫిబ్రవరి 2న పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ తర్వాత కూలీల కొరత అని రాసినప్పుడల్లా ఈ పథకం పేరూ చేర్చడం మాకు అలవాటైంది. ఇంకోచోట పని దొరుకుతుందన్న ధైర్యంతో ఆడవాళ్లు కూలి పెంచమని అడిగినా దాన్నీ కొరత కిందే రాశాం. నేనూ రాశాను. అది తప్పు. వాళ్లు ఊళ్లోనే ఉన్నారు, పనికీ సిద్ధంగానే ఉన్నారు. రైతులు ఇస్తామన్న కూలే చాల్లేదు.

నాట్లు చూసొచ్చిన ఆ రాత్రి వార్తలో ‘కొరత’ కొట్టేశాను. పన్నెండు మంది నాటాల్సిన మడిని తొమ్మిది మంది చీకటి పడేదాకా నాటారని రాశాను.