చిలుకకు ఏ బహుమతి?

చిలుక జోస్యం మీరు చూసే ఉంటారు. చిలుక పంజరంలోంచి వచ్చి ఒక కార్డు లాగుతుంది, యజమాని పెట్టిన వడ్లగింజ తిని లోపలికి వెళ్తుంది. కార్డులో ఏముందో దానికి అక్కరలేదు. లాగితే గింజ దొరుకుతుందని తెలిస్తే చాలు.

మరి చిలుకకు మాటల అర్థం నేర్పాలంటే ఈ పద్ధతి సరిపోతుందా? సరిపోదంటారు ఐరీన్ పెప్పర్‌బర్గ్, 1999లో వెలువడిన తన 'ది అలెక్స్ స్టడీస్' గ్రంథంలో. అలెక్స్ ఆమె 1977లో కొన్న ఆఫ్రికా బూడిదరంగు చిలుక. దాని ఎదుట ఒకరు వస్తువును చూపి పేరు అడిగేవారు. రెండోవారు సరిగా చెబితే ఆ వస్తువునే ఇచ్చేవారు. అలెక్స్‌కూ అదే నియమం: 'తాళంచెవి' అంటే తాళంచెవే దక్కేది. ప్రతి మాటకూ జీడిపప్పే పెడితే, అన్ని మాటలకూ జీడిపప్పు అనే అర్థమే స్థిరపడే ప్రమాదముందని ఆమె వాదన. తాళంచెవి అక్కరలేనప్పుడు అలెక్స్ ముందు సరైన జవాబు చెప్పి, ఆ తరువాత పప్పు కావాలని అడగవచ్చు. తాయిలాన్ని ఆమె తోసిపుచ్చలేదు, దాని స్థానం మార్చారు. గ్రంథానికి ఇదే బలం.

బలహీనతా ఉంది. లెక్కలు చేస్తుందని జర్మనీలో పేరుపొందిన ఒక గుర్రం నిజానికి ఎదుటివారి కదలికలను పసిగడుతోందని 1907లో తేలింది. అలాంటి పొరపాటు రాకుండా, నేర్పినవారు కాక వేరొకరు అలెక్స్‌ను పరీక్షించేవారు. అయినా ఫలితాలు ప్రధానంగా ఒక్క పక్షివే. 2007లో అలెక్స్ చనిపోయింది. చిలుకలన్నీ ఇంతేనని చెప్పడానికి అది ఒక్కటే చాలదు.

పట్టికలు ఎక్కువైనా, కళాశాల విద్యార్థులు ఓపికతో చదవదగ్గ గ్రంథమిది. చదివి రామచిలుకను మాత్రం కొనకండి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం అందుకు ఒప్పుకోదు. పరిశీలించడానికి చెట్ల మీది చిలుకలున్నాయి.