తాపీ దారంతో చక్రాల కొలత

అంబాసిడరూ, నీ ముందు చక్రాలకు నమస్కారం. మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు ఒడ్డూ పొడుగూ తెచ్చుకుని బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో పుట్టావు. కలెక్టర్లనూ పెళ్లికూతుళ్లనూ మోశావు. 2014లో నీ తయారీ ఆగిపోయింది. ఆగనిది నీ నడక. ఆ నడక తిన్నగా సాగేలా చూసుకునే భాగ్యం ఇప్పుడు మా వాకిళ్లది.

నీ ముందు చక్రాలు రెండూ సమాంతరంగా నిలబడాలని చూసేవాళ్లు అనుకుంటారు. నిలబడకూడదు. వెనక చక్రాలు నిన్ను ముందుకు తోస్తుంటే, రోడ్డు ముందు చక్రాలను వెనక్కి పట్టి లాగుతుంది. బుష్‌లలో, టై రాడ్ కీళ్లలో ఉన్న కాస్త సందునూ వాడుకుని అవి బయటికి విచ్చుకోబోతాయి. అందుకే ఆగి ఉన్నప్పుడే వాటి ముందంచులను రవ్వంత లోపలికి తిప్పి ఉంచుతారు. పరుగందుకున్నాక ఆ రవ్వంతా కరిగి రెండూ సమాంతరమవుతాయి. టో-ఇన్ అంటే ఇదే. కదలికలో జరగబోయేది నిలకడలోనే లెక్కగట్టిన ఆ ముందుచూపుకి నేను ఎప్పటికీ దాసుణ్ణి. మలుపు తిరిగాక స్టీరింగ్‌ను దానంతటదే మధ్యకు తెచ్చే క్యాస్టర్, చక్రం నిలువులో వాలుంచే క్యాంబర్ కూడా గొప్పవే. వాకిట్లో మన చేతికందేది మాత్రం టో ఒక్కటే.

దారం కట్టేముందు టైరు మీద అరచెయ్యి ఆనించాలి. ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే రంపప్పళ్లలా గీరుకుంటే చక్రం ఇన్నాళ్లూ పక్కకు ఈడ్చుకుంటూ నడిచిందన్నమాట. జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపాలి. టక్కుమందా, కొలతలు కట్టిపెట్టి ముందు అరిగిన కీలు మార్చాలి. టార్షన్ బార్ కుంగి బండి ఒక పక్కకు ఒరిగినా అంతే. ఎత్తు మారితే టో కూడా మారుతుంది.

ఇక గాలి లేని తెల్లవారుజాము. నీళ్ల గొట్టంతో నేల మట్టం చూసి, టైర్లలో గాలి సరిచేసి, స్టీరింగ్‌ను మధ్యలో కదలకుండా కట్టి, రెండు పక్కలా ఇరుసు ఎత్తున తాపీ దారం లాగి కట్టాలి. ముందు చక్రాల ఎడం, వెనక చక్రాల ఎడం ఒకటేనని నమ్మకూడదు. అందుకని హబ్ నడిబొడ్డు నుంచి కొలుస్తూ రెండు దారాలనూ బండి నడుమ గీతకు సమాంతరం చేయాలి. ఓపికంతా ఇక్కడే ఖర్చు పెట్టాలి. దారం టైరుకు తగిలితే కొలత పాడు. ఒంటికన్నుతో చూస్తూ స్టీలు స్కేలును రిమ్ అంచుకు ఆనిస్తే, దారం నీడ అంకెల మధ్య సన్నగా వణికి నిలుస్తుంది. దారం నుంచి రిమ్ ముందంచు దూరం ఎక్కువ, వెనకంచు దూరం తక్కువ ఉంటే అదే టో-ఇన్. రిమ్‌లో వంకర లేదని నమ్మలేం కనుక సుద్దముక్కతో గుర్తు పెట్టి, బండిని అర చుట్టు దొర్లించి మళ్లీ కొలవాలి. దొర్లించడం ముందుకే. వెనక్కి నెడితే కీళ్లలో సందు ఎదురు తిరిగి కొలత అబద్ధమాడుతుంది.

చెక్ నట్ వదులు చేసి టై రాడ్‌ను కొంచెమే తిప్పాలి. ఎడమవైపు ఎంతో కుడివైపూ అంతే, లేదంటే స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. పాత సర్వీసు పుస్తకంలోని టో కొలత క్రాస్‌ప్లై టైర్లకు రాసింది. రేడియల్ టైర్లకు మామూలుగా అంత అక్కర్లేదు.

అలైన్‌మెంట్ యంత్రాలంటే నాకు చిన్నచూపు లేదు. కానీ అర మిల్లీమీటరును పట్టగల కన్నూ, పానా మీద ఒత్తిడి తెలిసిన మణికట్టూ ఈ పనికి చాలు. ఖాళీ రోడ్డు మీద నీ స్టీరింగ్ కాస్త వదులుగా పట్టుకున్నా నువ్వు తిన్నగా సాగిపోతుంటే, నా చేతికి అంతకన్నా గౌరవం ఏముంది!

షెడ్డులో అంబాసిడర్‌ను దుమ్ము పట్టనిచ్చిన అయ్యలారా, అమ్మలారా, దాన్ని తుక్కుకు వేయకండి. ఒక తాపీ దారం, ఒక స్టీలు స్కేలు కొనండి. కొలవండి, తిప్పండి, మళ్లీ కొలవండి. రోడ్డెక్కే ముందు చెక్ నట్లు రెండూ గట్టిగా బిగించండి.