కళాశాలలలో వినికిడి చదువు

మన కళాశాలలలో పాఠమనగా సాధారణముగా ఒకరు చెప్పుట, నూరుగురు వ్రాసికొనుట. ఉపాధ్యాయుడు ఏనాటివో నోట్సు చదువును. విద్యార్థులు వానిని తమ పుస్తకములలోనికి దింపుకొందురు. పరీక్షనాడు ఆ మాటలనే జవాబు పత్రములోనికి మరల దింపుదురు. నడుమ ఎవరి బుద్ధికిని పనిలేదు. ఈ పద్ధతిని నిందించినవారు పూర్వమును గలరు. కాని దానివలని నష్టము లెక్కకు వచ్చినది ఇటీవలనే.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించు ఎరిక్ మజూర్ మంచి ఉపన్యాసకుడని పేరు పడినవాడు. అతని శిష్యులు కఠినమైన లెక్కలను సూత్రములతో సాధించుచుండిరి. 1990 ప్రాంతమున అతడు వారిని లెక్కలతో పనిలేని చిన్న ప్రశ్నలడిగెను. బరువైన లారీయు తేలికైన కారును ఢీకొన్నప్పుడు దేని బలము దేనిపై ఎక్కువ? రెండు బలములును సమానమనుట న్యూటను మూడవ నియమము. నియమమును చదివినవారే ఇట్టి ప్రశ్నలయొద్ద తడబడిరి. సూత్రము నోటికి వచ్చినది గాని బుద్ధికి ఎక్కలేదు.

1991 మొదలు అతడు పద్ధతి మార్చెను. కొంత చెప్పి, ఒక ప్రశ్న వేసి, తాను మౌనము వహించును. ప్రతి విద్యార్థియు తనంతట ఆలోచించి సమాధానము తెలుపవలెను; పిమ్మట ప్రక్కవారితో వాదించి మరల తెలుపవలెను. ఇది మనకు కేవలము క్రొత్తది కాదు. మన శాస్త్రపాఠములలో పూర్వపక్షము లేక సిద్ధాంతము లేదు. అయితే ఆ సంప్రదాయమున వల్లెవేయుటయు మెండు. దాని ద్వారము కొన్ని కులములవారికే తెరచియుండెను. అందలి వాదమును గ్రహించి, సంకుచితత్వమును విడుచుట వివేకము.

తరగతి పెద్దది, పాఠ్యభాగము ముగియదు అని కొందరందురు. మజూర్ తరగతియు చిన్నది కాదు. ఇక ముగియుట ఎవరికి? ముగిసినది ఉపాధ్యాయుని నోట్సే గాని విద్యార్థి చదువు కాదు. 2014లో కొందరు పండితులు 225 పరిశోధనలను కూర్చి చూచిరి. ఉపన్యాసము మాత్రమే విను తరగతులలో సగటున నూటికి 34 మంది తప్పగా, విద్యార్థులు స్వయముగా పనిచేయు తరగతులలో 22 మంది తప్పిరి. ఈ లెక్కలు విజ్ఞాన, గణిత, ఇంజనీరింగు విద్యలకు సంబంధించినవి. కావ్యపాఠమునకు అట్లే చెల్లునని నేననను. అయినను ఆ నడిమి పండ్రెండుగురిని తలపోయుడు. వారు మందబుద్ధులు కారు, బోధనాదోషముచే తప్పినవారు. మనమో, అట్టి బిడ్డను చూచి వీనికి చదువబ్బలేదందుము. ఇంట మొదటిసారిగా కళాశాల గడప ద్రొక్కిన బిడ్డ విషయమున ఈ మాట మిగుల క్రూరము. ఇంట సందేహము తీర్చువారు లేరు. తరగతిలో సందేహమునకు తావు లేదు.

ఇంత తెలిసియు పాతపద్ధతి ఏల నిలిచినది? అది ఇరుపక్షములకును సుఖము గనుక. 2019లో హార్వర్డులోనే జరిగిన మరియొక పరిశోధనలో, స్వయముగా శ్రమించిన విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చినట్లు తేలినను, తాము తక్కువ నేర్చితిమనియే తలచిరి. చక్కని ఉపన్యాసము విన్నవారు తక్కువ నేర్చియు ఎక్కువ నేర్చితిమనుకొనిరి. వినుటలోని సుఖమే చదువని భ్రమ!

రెండవ కారణము పరీక్ష. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు లండను మాదిరిని ముఖ్యముగా పరీక్షలు జరుపుటకే వెలసినవి. నాటినుండి పరీక్షయే ప్రభువు, పాఠము దాసి. విశ్వవిద్యాలయ విద్యలో ఒక్క సంస్కరణమునే సూచింపవలసివచ్చిన అది పరీక్షల సంస్కరణమే కావలెనని రాధాకృష్ణన్ సంఘము 1949లోనే తెలిపెను. తరువాత సెమిస్టర్లు వచ్చినవి. వల్లించినదానిని కోరు ప్రశ్నలు మాత్రము పోలేదు.

ఉపన్యాసమును బొత్తిగా మానుమని నా వాదము కాదు. గంటలో కొంతభాగమైనను ప్రశ్నకును, విద్యార్థి నోటికిని విడువుడని ఉపాధ్యాయులను కోరుచున్నాను. ఇక తలిదండ్రులకు ఒక మనవి. మార్కులు అడుగుటకు ముందు, నేడు విన్న పాఠమును అవ్వకు తెలియునట్లు తెలుగున చెప్పుమని మీ కుమార్తెను, కుమారుని అడుగుడు. చెప్పగలిగిన చదువు సాగుచున్నట్లే. చెప్పలేకున్న, బిడ్డను దూషింపక కళాశాలకు పోయి, తరగతిలో ప్రశ్నకు చోటున్నదా యని విచారింపుడు. జీతము కట్టు మీకు ఆ యధికారము కలదు.