మైదానానికి దారి

కొత్త ఊరికి వెళ్తే కొందరు ముందు గుడికి పోతారు, కొందరు బజారుకు. నేను ఆటల మైదానం ఎక్కడుందని అడుగుతాను. ఉంటున్న ఊళ్లో అయితే చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో ఎక్కడ నలుగురు ఆడుతూ కనిపించినా కాసేపు నిలబడి చూడనిదే నాకు కాళ్లు ముందుకు పడవు. టికెట్ కొనుక్కుని మ్యాచ్‌కు వెళ్లడం వేరు, అది పండగ. నేను చెప్పేది మ్యాచ్ లేని మామూలు రోజున, ఆడేవాళ్లు వచ్చే వేళకు, వీలైతే వాళ్లు వచ్చే బస్సులోనే వెళ్లి, మెట్ల మీద కూర్చుని చూసి రావడం గురించి. ఈ అలవాటు నాకు ఆట గురించి కొంత నేర్పింది. ఊరి గురించి చాలా నేర్పింది.

మొదట చూడాల్సింది ఎల్‌బీ స్టేడియమే. బషీర్‌బాగ్ పక్కన, నిజాం కాలేజీకి దగ్గర్లో ఉన్న ఈ చోటును పాతవాళ్లు ఇప్పటికీ ఫతే మైదాన్ అనే అంటారు. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు ఇక్కడే విడిది చేశాయి. కోట పడిపోయాక ఈ నేలకు విజయం పేరు పెట్టారు. నిజాముల కాలంలో ఇక్కడ పోలో ఆడారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు వచ్చింది. గుర్రాలు పరుగెత్తిన నేల మీద ఇవాళ పదేళ్ల పిల్లలు ప్యాడ్లు కట్టుకుని నడుస్తుంటే, మన ఊళ్లో ఇంతకన్నా మంచి మార్పు పొందిన నేల ఇంకెక్కడుందా అనిపిస్తుంది నాకు.

ఇక్కడి రికార్డులు క్రికెట్ అభిమానులకు కంఠస్థమే. 1955 నవంబరులో పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో మన దేశం తరఫున అదే తొలి డబుల్ సెంచరీ. 1999 నవంబరు 8న సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153. ఇద్దరూ కలిసి జోడించిన 331 పరుగులు 2015 దాకా వన్డేల్లో ప్రపంచ రికార్డుగా నిలిచాయి. విచిత్రం ఏమిటంటే ఈ రెండూ న్యూజిలాండ్ మీదే. ఈ మైదానంలో జరిగిన మూడు టెస్టులూ, 1955, 1969, 1988లో, ఆ జట్టుతోనే. ఉప్పల్ స్టేడియంలో 2010లో జరిగిన మొదటి టెస్టూ వాళ్లతోనే. 2023 జనవరిలో అక్కడే శుభ్‌మన్ గిల్ 208 కొట్టిందీ వాళ్ల మీదే. నన్ను అడిగితే మాత్రం ఎల్‌బీ స్టేడియంలో ఆడిన గొప్ప ఇన్నింగ్స్ మనవాళ్లది కాదు. 1987 ప్రపంచ కప్‌లో 243 పరుగుల కోసం ఆడుతూ జింబాబ్వే 104కే 7 వికెట్లు పోగొట్టుకుంది. అక్కడి నుంచి డేవ్ హౌటన్ 142 పరుగులతో జట్టును గెలుపు అంచు దాకా తెచ్చి, 3 పరుగుల తేడాతో ఓడిపోయాడు. తన జట్టు ఎలాగూ ఓడుతుందని అందరూ అనుకున్నాక కూడా అంతసేపు ఆడినవాడు నాకు గెలిచినవాళ్లకన్నా ఎక్కువ గుర్తుంటాడు.

ఆటలతో పాటు ఈ మైదానానికి మరో జీవితం ఉంది. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఇక్కడే. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి కూడా ఇక్కడే ప్రమాణం చేశారు. ఊరి నడిబొడ్డున ఇంతమంది పట్టే చోట్లు ఎక్కువ లేవు కనుక సభలు తప్పవు. కానీ ఏ మైదానంలోనైనా గుంజలు పాతి, లారీలు తిప్పి, కుర్చీలు వేసి తీశాక గడ్డి మళ్లీ ఆటకు పనికి రావాలంటే వారాలు పడుతుంది. అన్నాళ్లూ రోజూ వచ్చే పిల్లలు ఎక్కడ ఆడాలన్నది కూడా సభ ఏర్పాట్లలో భాగం కావాలి. ఆ లెక్క ఎవరూ వేయడం నేను చూడలేదు.

మైదానాన్ని చూడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. క్రికెట్ నెట్స్ వెనక నిలబడి చూడండి. టీవీలో వేగం ఒక అంకెగా కనిపిస్తుంది, ఇక్కడ వల అదిరినప్పుడు మీ ఒళ్లు దానంతటదే వెనక్కి పోతుంది. బంతి ఎటు తిరుగుతుందో చూడాలంటే బౌలర్ వెనక కూర్చోవాలి, ఎంత వేగంగా వస్తోందో, ఎంత ఎత్తుకు లేస్తోందో తెలియాలంటే పక్కవైపు కూర్చోవాలి. ఫుట్‌బాల్‌కు పై మెట్లే మంచివి. కింద కూర్చుంటే బంతి ఒక్కటే కనిపిస్తుంది, పైన కూర్చుంటే బంతి లేనివాళ్లు ఎటు కదులుతున్నారో కనిపిస్తుంది, అసలు ఆట అదే. బ్యాడ్మింటన్ హాల్లో చివరి గీత వెనక చోటు చూసుకోవాలి. షటిల్ గాలికి కాస్త పక్కకు పోతుంది, అందుకే ప్రాక్టీసు వేళ ఫ్యాన్లు ఆపేస్తారు, చూసేవాళ్లకూ చెమటలు పడతాయి. ఆటగాళ్లు గాలి వాలు ఎటుందో కనిపెట్టి, ఒక వైపు నుంచి కొట్టేటప్పుడు గీతకు లోపలే గురిపెట్టడం, కోర్టు మారగానే ధైర్యంగా గీత మీదకు కొట్టడం చూస్తే, ఆ ఆటలో మణికట్టు ఎంతో బుర్ర అంత అని అర్థమవుతుంది.

తెల్లవారుజామున వెళ్తే పిచ్ చూసే మాలీలు కనిపిస్తారు. రాత్రి తడిపిన మట్టి మీద బొటనవేలు నొక్కి, ఇంకాసేపు ఆగుదామని లేచి, ఎండ పట్టుకున్నాక రోలర్ లాగుతారు. తడి ఎక్కువగా ఉండగా దొర్లిస్తే మట్టి రోలర్‌కు అంటుకుని లేచిపోతుంది, పూర్తిగా ఆరాక దొర్లిస్తే గట్టిపడదు. మధ్యలో ఉన్న ఆ కొద్ది సమయాన్ని పట్టుకోవడం వాళ్ల పనితనం. వాళ్ల పేర్లు ఏ స్కోరుబోర్డు మీదా ఉండవు.

ఇన్ని చోట్ల తిరిగాక నాకు స్థిరపడిన మాట ఒక్కటే. ఒక ఊరి ఆటల స్థాయిని స్టేడియంలో ఎన్ని వేల మంది పడతారన్నదాన్ని బట్టి కాదు, ఇంటి నుంచి మైదానానికి ఒక బిడ్డ ఎంత దూరం పోవాలన్నదాన్ని బట్టి చూడాలి.

హైదరాబాద్ ఆటల చరిత్ర అంతా ఆ దూరం చుట్టూనే నడిచింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడి పంతులు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఫుట్‌బాల్ నేర్పాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత్ 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ పేదింటి కుర్రాడు. హైదరాబాద్ దాకా ప్రాక్టీసుకు రావడానికి చేతిలో డబ్బు లేదంటే, అద్దె సైకిల్‌కు డబ్బులు రహీమే ఇచ్చారని చెబుతారు. ఆ సైకిల్ అద్దె దొరక్కపోయి ఉంటే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టినవాడు మనకు లేడు, 1962 జకార్తా స్వర్ణంలో అతని భాగమూ లేదు.

తర్వాతి తరంలో సైనా నెహ్వాల్. హర్యానా నుంచి వచ్చిన కుటుంబం, రాజేంద్రనగర్‌లో నివాసం. తండ్రి స్కూటర్ మీద తెల్లవారకముందే పాతిక కిలోమీటర్ల దూరంలోని ఎల్‌బీ స్టేడియానికి తీసుకొచ్చేవాడు. పాప నిద్రలో జారిపోకుండా పట్టుకోవడానికి కొన్నాళ్లు తల్లి వెనక కూర్చుని వచ్చింది. సింధు సంగతి చూడండి. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు. సికింద్రాబాద్ రైల్వే ఆవరణలో తండ్రి వాలీబాల్ ఆడుతుంటే పక్కనున్న బ్యాడ్మింటన్ కోర్టులో ఆ పిల్లకు రాకెట్ దొరికింది. పక్కపక్కనే రెండు కోర్టులుంటే ఏం జరగగలదో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ తర్వాత గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీకి రోజూ వెళ్లి రావడానికి ఆమె 56 కిలోమీటర్లు తిరిగేదని అప్పట్లోనే పత్రికలు రాశాయి.

సైకిల్ పోయి స్కూటర్ వచ్చింది. వాహనం మారింది, దూరం తగ్గలేదు. ఈ ముగ్గురికీ దూరాన్ని జయించేందుకు ఎవరో ఒకరు తోడున్నారు. తోడు లేక ఇంట్లోనే ఆగిపోయినవాళ్లు ఎంతమందో ఏ రికార్డు పుస్తకంలోనూ ఉండదు.

గచ్చిబౌలి వెళ్లినప్పుడు నాకు గౌరవమూ దిగులూ రెండూ కలుగుతాయి. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల కోసం అక్కడ అథ్లెటిక్స్ ట్రాక్, ఈత కొలనులు, ఇండోర్ స్టేడియం కట్టారు. 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు అక్కడే జరిగాయి. ఒక ప్రభుత్వం ఒక్క ఊపులో అన్ని ఆటలకూ చోటు కల్పించిన సందర్భం మన దగ్గర మళ్లీ రాలేదు. అయితే అంతర్జాతీయ కొలతలతో కట్టిన కట్టడాన్ని నిలబెట్టుకోవాలంటే రోజూ దానిలో మనుషులు ఉండాలి. వాడకం లేని ట్రాక్ ఎండకు బీటలు తీస్తుంది, ఈతగాళ్లు లేని కొలను పాచి పడుతుంది. ఉదయం పూట అక్కడ పరుగుకు వచ్చేవాళ్లను చూసినప్పుడల్లా, వీళ్లే ఆ కట్టడానికి కాపలా అనుకుంటాను.

ఉప్పల్ స్టేడియానికి 2005 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లు వస్తున్నాయి. మెట్రో వచ్చాక ప్రేక్షకుడికి దారి సులువైంది, స్టేడియం పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. మ్యాచ్ అయ్యాక అర్ధరాత్రి రైలు ఎక్కి, ఒకే రంగు చొక్కాలు వేసుకున్న తెలియని మనుషులతో ఆఖరి ఓవర్ గురించి మాట్లాడుకుంటూ ఇంటికి రావడం ఈ నగరం ఇచ్చే మంచి అనుభవాల్లో ఒకటి.

హుస్సేన్ సాగర్‌ను కూడా నేను ఆటస్థలంగానే లెక్కిస్తాను. వానాకాలం గాలులు మొదలయ్యాక అక్కడ తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. ట్యాంక్‌బండ్ మీద నిలబడితే టికెట్ లేకుండా చూడొచ్చు. బస్తీల నుంచి వచ్చిన పిల్లలు కూడా చిన్న పడవల్లో ఒంటరిగా కూర్చుని, గాలిని చూసుకుంటూ తాడు లాగుతూ వదులుతూ మలుపు తిరుగుతుంటారు. ఆదివారం ఆ దారిన పోయేవాళ్లు బుద్ధుడి విగ్రహం ముందు ఫొటో దిగి, వాళ్లను చూడకుండా వెళ్లిపోతుంటే బాధేస్తుంది.

ఒకరోజు ఎల్‌బీ స్టేడియం మెట్ల మీద నా పక్కన ఒకావిడ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కూతురు లోపల ప్రాక్టీసులో ఉంది. ఎక్కడి నుంచి వస్తున్నారమ్మా అంటే బాలాపూర్ అంది. "రెండు బస్సులు మారాలె సార్. ఇప్పుడు ఆడోళ్లకు బస్సుల టికెట్ లేదు కదా, గందుకే తెస్తున్న. లేకుంటె ఇద్దరికీ రానుపోను పైసలు యాడికెల్లి తేవాలె?" అంది. బస్సులోనే పాప హోంవర్క్ చేసుకుంటుందట. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు దాని గురించి ఎన్నో వాదనలు విన్నాం. ఒక ఆడపిల్ల మైదానం దాకా రాగలగడం ఆ వాదనల్లో ఎక్కడా నాకు వినిపించలేదు. రహీమ్ చేతిలోంచి బలరామ్‌కు వెళ్లిన సైకిల్ అద్దె ఇప్పుడు ఈ రూపంలో ఈ పాపకు అందుతోంది.

అయినా రెండు బస్సులు మారడం దూరమే. బాలాపూర్ పాపకు బాలాపూర్‌లోనే ఒక కోర్టు ఉండాలి. మన కాలనీల్లో ఖాళీ జాగాలు ఇళ్లయ్యాయి. వాటి చోట గంటకింత అని అద్దె తీసుకునే టర్ఫ్ మైదానాలు వచ్చాయి. ఆఫీసుల నుంచి వచ్చిన యువకులు రాత్రి దీపాల కింద అక్కడ ఆడుకుంటున్నారు, మంచిదే. కానీ తలా కొంత వేసుకోలేని పిల్లలు వల బయట నిలబడి చూస్తారు. అది నేను చాలా టర్ఫ్‌ల దగ్గర చూశాను. ఆట నేర్చుకునే వయసు ఆ పిల్లలదే.

కొత్త స్టేడియాలు కట్టే దాకా ఆగక్కర్లేదు. ప్రతి పేటలో ప్రభుత్వ బడి ఉంది, చాలా బళ్లకు ఎంతో కొంత జాగా ఉంది, సాయంత్రం గంట కొట్టగానే ఆ గేటుకు తాళం పడుతుంది. కాపలాకు ఒక మనిషిని, నేర్పడానికి ఒక వ్యాయామ ఉపాధ్యాయుణ్ని పెట్టి చీకటి పడేదాకా, ఆదివారాలు రోజంతా, ఆ గేట్లు తెరిచి ఉంచితే చాలు. ఈ ఆదివారం మీ పిల్లల్ని వెంటబెట్టుకుని మీ ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే మైదానం ఎక్కడుందో వెతకండి. దొరికితే కాసేపు కూర్చుని ఆట చూసి రండి. దొరక్కపోతే మీ కార్పొరేటర్ దగ్గరికి వెళ్లి, మా పేటలో బడి గేటు సాయంత్రం ఎందుకు మూసి ఉందని అడగండి.