జపాను విద్య: మసూదుగారి గ్రంథము

ఒక జాతి పరులవద్ద విద్య నేర్చుకొనుచు తన తనమును నిలుపుకొనగలదా? పందొమ్మిదవ శతాబ్దమున ఆసియాఖండ మంతయు ఈ ప్రశ్న నెదుర్కొనెను. ఐరోపా ఫిరంగుల ముందు ఈజిప్టు, తురుష్కదేశము, చీనా తమకు తోచిన సమాధానములు వెదకికొనినవి. అందఱికంటె ముందుగా నిలదొక్కుకొనినది జపాను. 1868 లో మెయిజీ ప్రభుత్వ మేర్పడెను. 1905 నాటికి ఆ చిన్నదేశము రష్యాను జయించెను. అప్పటినుండి మన దేశమున చదువుకొన్నవారి చూపులు తూర్పునకు మరలినవి.

ఆ చూపులలో హైదరాబాదువారిదియు ఒకటి గలదు. నిజాము రాష్ట్ర విద్యాశాఖాధిపతియగు సయ్యద్ రాస్ మసూదుగారు 1922 లో జపానుకు వెళ్లి, అచ్చటి విద్యాపద్ధతిని పరిశీలించి, ఆంగ్లమున వ్రాసిన గ్రంథము ‘జపాన్ అండ్ ఇట్స్ ఎడ్యుకేషనల్ సిస్టమ్’ 1923 లో హైదరాబాదునందు వెలువడెను. ప్రభుత్వ నివేదికయని పక్కకు నెట్టదగినది కాదు. భారతీయుడొకడు ఐరోపావారి కండ్లద్దములు తీసి మఱియొక ఆసియాదేశమును చూచుటకు చేసిన ప్రయత్నము ఇందు కలదు.

గ్రంథకర్త పాఠశాలల లెక్కతో తృప్తిపడక, జపాను చరిత్రను ముందుంచి విద్యను అందులో భాగముగా చూపుట మెచ్చదగిన పని. జపాను అభ్యుదయము ఇంద్రజాలము గాదు. మెయిజీకి పూర్వమే ‘తెరకోయా’ లనబడు చిన్న బడులలో సామాన్యుల బిడ్డలు చదువను వ్రాయను నేర్చుచుండిరి. 1871 లో ఇవాకురా నాయకత్వమున బయలుదేరిన రాయబారము అమెరికా, ఐరోపాలను చుట్టి 1873 లో తిరిగివచ్చెను. ఇంతలో 1872 లోనే విద్యాశాసనము పుట్టెను. 1877 లో స్థాపితమైన టోక్యో విశ్వవిద్యాలయమున మొదట విదేశీయులే పరభాషలలో పెక్కు పాఠములు చెప్పిరి. క్రమముగా ఆ స్థానములలో స్వదేశీయులు స్వభాషతో కూర్చుండిరి. ఆంగ్లమునే విద్యాభాషగా చేయవలెనని మోరి అరినోరి వంటి మేధావి తలచినను దేశము అంగీకరింపలేదు. చీనా ధాతువులనుండి క్రొత్త శాస్త్రపదములు కల్పించుకొనిరి. స్వభాషలో విద్య యనునదియే మసూదుగారి మనస్సును మిక్కిలి ఆకర్షించినది.

అందుకు కారణము స్పష్టము. 1917 నాటి ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఉర్దూ బోధనభాష. అనువాదశాఖ పండితులు వందలకొలది గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చిరి. దేశభాషలో ఉన్నతశాస్త్రములు చెప్పుట అసాధ్యమని తక్కిన విశ్వవిద్యాలయములు తలచుచున్న కాలమున ఇది సాహసకార్యమే. దాని నెవరును తక్కువ చేయరాదు. మసూదుగారు జపానులో ఈ సాహసమునకు సాక్ష్యము చూచిరి. కాని సాక్ష్యము వెదకువాని కంటికి ఎదురుసాక్ష్యము ఒక్కొక్కప్పుడు తప్పిపోవును.

‘స్వభాష’ యనగా ఎవరి భాష? నిజాము రాష్ట్రమున ఇంచుమించు సగముమంది తెలుగువారు. తరువాత మరాఠీ, కన్నడ భాషలవారు. ఉర్దూ ఇంటిభాషగా గలవారు కొద్దిపాలు. మసూదుగారి యాత్రకు ముందటి సంవత్సరమే, 1921 నవంబరులో, ఈ నగరమున సంఘసంస్కార సభ జరిగెను. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు అల్లరిచేసి మాటాడనీయలేదు. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము జన్మించెను. ఆ సభాధ్యక్షులు కార్వేపండితులు. జపాను మహిళా విశ్వవిద్యాలయ వృత్తాంతము చదివి స్ఫూర్తినొంది, 1916 లో దేశభాషలో స్త్రీలకు ఉన్నతవిద్య నేర్పుటకు పూనుకొన్నవారు! జపాను పాఠము తెలిసినవారు అధ్యక్షపీఠమున నుండగనే ఆ పాఠము సభలో ఓడిపోయినది.

జపానే ఆ పాఠమును తన యింటిలో ఒకవిధముగను, పరుల యింటిలో మఱియొక విధముగను చదివినది. 1910 లో కొరియాను కలుపుకొని, అచ్చటి బడులలో జపానుభాషను ప్రధానముచేసి, 1938 లో కొరియాభాషను ఐచ్ఛికమునకు దిగజార్చెను. టోక్యోలో స్వాతంత్ర్యసాధన మయినది సియోలులో సంకెల అయినది. మసూదుగారు టోక్యోను చూచి హైదరాబాదును పోల్చుకొనిరి. మన తెలుగుపల్లెల బిడ్డకు సియోలు బాలుని స్థితియే దగ్గఱ. అయితే ఈ తప్పు ఉర్దూది కాదు. అది ఈ గడ్డమీదనే పెరిగిన భాష, మా వీథులలో మా ఇరుగుపొరుగువారి మాట. తప్పు, ఒక్క భాషకే ‘స్వ’ అను పేరిచ్చిన పాలకులది.

నేడీ విమర్శ దేనికందురా? 1948 తరువాత ఉస్మానియానుండి ఉర్దూబోధన తొలగినది. దాని స్థానమున తెలుగు రాలేదు, ఆంగ్లము వచ్చెను. పాతనగరమున నా తరగతిలో ఉర్దూయింటి బిడ్డయు తెలుగింటి బిడ్డయు ఒకే ఆంగ్లపుస్తకమును కంఠస్థము చేయుచున్నారు. వాన యెట్లు కురియునని అడిగినచో ఇద్దఱును తప్పులేక వల్లింతురు. నీ మాటలలో చెప్పుమన్నచో ఇద్దఱును నేల చూతురు. ఆంగ్లము వలదనుట గాదు. జపానువారును దానిని నేర్చిరి. కాని నేర్చినదానిని తల్లికి చెప్పగల భాషలోనికి తెచ్చుకొనిరి.

మసూదుగారి గ్రంథము అందుకే నేటికిని చదువదగినది. చదివినవారు ఆ రాత్రియే తమ బిడ్డను పిలిచి, బడిలో విన్న పాఠమును ఇంటిమాటలో చెప్పుమని యడిగి చూడవలెను.